కొత్త బండి... కొత్త చెయ్యి!

కొడుకు ఇంటర్ గట్టెక్కి డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరగానే ఇంట్లో మొదలయ్యే మాట ఒకటే... 'నాన్నా, బండి!' తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో అది సరదా మాత్రమే కాదు. కాలేజీ బస్సు తప్పిపోయినా, పొలానికి ఎరువు బస్తా చేర్చాలన్నా, అర్ధరాత్రి అమ్మమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా బండే దిక్కు. అమ్మకేమో భయం. చివరికి నాన్న మధ్యేమార్గం చెబుతాడు. 'వంద సీసీది కొందాం. చిన్న బండేగా... అంత స్పీడు పోదులే!'

నిజంగా పోదా?

చిన్నదే... కానీ!

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పటి నుంచీ మనవాళ్లకు వంద సీసీ బండి అంటే మైలేజీకి మారుపేరు. ఇంజిను శక్తి ఎనిమిది హార్స్‌పవర్ దగ్గర్లో ఉంటుంది. అయినా మంచి రోడ్డు మీద ఒక్కడే కూర్చుని హ్యాండిల్ మెలితిప్పితే గంటకు 80 కిలోమీటర్లు అందుకుంటుంది. అంటే సెకనుకు 22 మీటర్లు! పడ్డప్పుడు తగిలే దెబ్బకు సీసీలతో పనిలేదు.

2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో క్రికెటర్ అజారుద్దీన్ కుమారుడు, 19 ఏళ్ల అయాజుద్దీన్ గాయపడి కన్నుమూశాడు. అతను నడిపింది వెయ్యి సీసీ బండి. అప్పట్లో పెద్ద బండ్ల గురించి అందరూ మాట్లాడుకున్నారు. కానీ 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. రోజూ ఇంటి ముందు ఆగే మామూలు బండ్లను ఈ లెక్కలోంచి తీసేయలేం.

ఆగడానికి ఎంత దూరం?

కుర్రాళ్లు 'ఎంత పోతుంది?' అని అడుగుతారు. అడగాల్సింది 'ఎంతలో ఆగుతుంది?' అని. ఎదుట గేదె కనబడ్డాక మెదడు గ్రహించి, చెయ్యీ కాలూ బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకనులోనూ బండి పరిగెడుతూనే ఉంటుంది. పొడి తారు రోడ్డు మీద, కొత్తగా నేర్చినవాడి చేతిలో సుమారు లెక్క ఇదీ...

40లో వెళ్తుంటే: గ్రహించేలోపు 11 మీటర్లు, బ్రేకు పడ్డాక 12. మొత్తం 23.

60లో: 17, ఆపై 28. మొత్తం 45.

80లో: 22, ఆపై 50. మొత్తం 72.

వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుంది. నలభైలో రెండు ఆర్టీసీ బస్సుల పొడవులో ఆగే బండికి ఎనభైలో ఆరు బస్సుల పొడవు కావాలి. ఇది పగటి మాట. రాత్రి డిమ్ లైటులో స్పష్టంగా కనిపించేది 30, 40 మీటర్లే. వెనక లైటు లేని పత్తి ట్రాక్టరు ముందుంటే అరవైలో వెళ్లేవాడికి అది కనబడేసరికే ఆలస్యమైపోతుంది.

మన రోడ్డు వేరు

కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. చుట్టూ కాపలాకు రాళ్లు. మామిడి సీజనులో తోటల్లోంచి లోడు వ్యాన్లు అమాంతం రోడ్డెక్కుతాయి. మలుపుల్లో ట్రాక్టర్ల నుంచి రాలిన ఇసుక. 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయిధరమ్ తేజ్ బండి జారింది అలాంటి మట్టి, ఇసుక ఉన్నచోటే. ఆయన నెల దాటాక గానీ ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. హెల్మెట్ వల్లే బతికానని ఆ తర్వాత ఆయనే చెప్పారు.

ఇక ఓవర్‌టేక్. చిన్న బండికి అసలు పరీక్ష ఇదే. రెండు వరుసల రోడ్డు మీద 50లో పోతున్న బస్సును 65లో దాటాలంటే, ముందూ వెనకా ఖాళీ కలుపుకొని దాదాపు పది సెకన్లు పడుతుంది. అంతలో మీరు 180 మీటర్లు వెళ్తారు. ఎదుటి లారీ 60లో వస్తుంటే అది 165 మీటర్లకు పైగా దగ్గరవుతుంది. అంటే 350 మీటర్ల రోడ్డు ఖాళీగా కనబడాలి! వెనక స్నేహితుడు కూర్చుంటే పికప్ ఇంకా తగ్గుతుంది. మధ్యలో 'ఇంకొంచెం లాగుదాం' అనుకుంటే లాగడానికి ఇంజినులో ఏమీ మిగలదు.

ఇద్దరికీ రన్నింగ్ ఇన్

కొత్త ఇంజినులో పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు ఒకదానికొకటి సర్దుకోవాలి. అందుకే మొదటి 500 నుంచి వెయ్యి కిలోమీటర్ల వరకూ కంపెనీ పుస్తకంలో రాసిన వేగం దాటొద్దంటారు. అదేపనిగా ఒకే వేగంలో పోనివ్వకూడదు. టాప్ గేరులో బండి ఏడుస్తుంటే గేరు తగ్గించాలి. మొదటి సర్వీసులో ఆయిలు తప్పక మార్పించాలి.

ఆ వెయ్యి కిలోమీటర్లే నడిపేవాడికీ రన్నింగ్ ఇన్. తెల్లవారుజామున ఖాళీ మైదానంలో సున్నంతో ఒక గీత గీయండి. 20లో వచ్చి గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టి ఎంతలో ఆగాడో కొలవండి. తర్వాత 30, ఆపై 40. 'ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడుతుంది' అన్న భయంతో చాలామంది వెనక బ్రేకే తొక్కుతారు. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఎక్కువ పట్టు అక్కడే దొరుకుతుంది. రెండూ కలిపి, ముందుదాన్ని నిమ్మకాయ పిండినట్టు మెల్లగా నొక్కాలి. ఇసుకలో, వంగిన మలుపులో మాత్రం ఒక్కసారిగా పట్టకూడదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బండ్లకు కనీసం కంబైన్డ్ బ్రేకు తప్పనిసరి. వెనకది తొక్కితే ముందుదీ కొంత పడుతుంది. అంతమాత్రాన ముందు బ్రేకు మరచిపోవచ్చని కాదు.

రన్నింగ్ ఇన్ అయ్యాక ఇంజినును ఎంతవరకూ వాడుకోవచ్చు? దానికేం భయం లేదు. కింది గేర్లలో కాస్త గట్టిగా లాగినా తట్టుకునేలాగే తయారుచేస్తారు. హద్దు నడిపేవాడిది. కనబడుతున్న రోడ్డులో సగంలోపే ఆగగలిగినంత వేగమే అతని టాప్ స్పీడు.

తిరువూరు నుంచి విజయవాడ సుమారు 75 కిలోమీటర్లు. సగటున 45లో వెళ్తే వంద నిమిషాలు. ప్రాణాలకు తెగించి సగటు 55కి పెంచినా మిగిలేది 18 నిమిషాలే!

తాళం చేతికిచ్చే ముందు...

* గేర్ల బండికి పద్దెనిమిదేళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి. మైనరు నడిపి పట్టుబడితే, 2019 సవరణ చట్టం ప్రకారం తల్లిదండ్రులకో, బండి యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

* బండితోపాటే ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు కొనండి. పట్టీ బిగిస్తేనే పెట్టుకున్నట్టు.

* మొదటి నెల వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దు. చీకటి పడ్డాక హైవే ఎక్కొద్దు.

* బండి మీదుండగా ఫోన్ చేసి 'ఎక్కడున్నావురా?' అని అడగొద్దు. ఆ పని అమ్మానాన్నలే మానుకోవాలి.