చట్టం వెతికే ఏఐకి పాత గుంటూరు జిల్లా తెలుసా?

"మా తాతకిచ్చిన డి-ఫారం పట్టా పొలం అమ్ముకోవచ్చా?" గురజాల, మాచర్ల దిక్కున ఏ అరుగు మీద కూర్చున్నా వినపడే ప్రశ్నే ఇది. ఇప్పుడు మన కుర్రాళ్ళు ప్లీడరు కన్నా ముందు ఫోన్లో ఏఐని అడుగుతున్నారు. అది తడుముకోకుండా "1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అమ్మకూడదు" అని చెప్పిందనుకోండి. సగమే చెప్పినట్టు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటిన సాగుభూమిని అసలు పట్టాదారు గానీ వారసులు గానీ అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక, అట్టా ఫ్రీహోల్డ్ అయిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. అంటే ఒక్క ప్రశ్నకి చట్టం, సవరణ, ఆ తర్వాతి ఉత్తర్వు మూడూ తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి తప్పినా అడ్వాన్సు ఇచ్చినోడు మునిగిపోతాడు.

ఏఐ ఏజెంటు అంటే మాట్లాడటంతో ఆగకుండా పని కూడా చేసి పెట్టేది. దాని చేతికి కొన్ని పనిముట్లు ఇస్తారు. చట్టాలు, తీర్పులు, జీవోలు దాచిన చోటికి పోయి కావాల్సిన కాగితం తెచ్చేది అందులో ఒకటి. అది చేతిలో లేకపోతే ఏఐ తన జ్ఞాపకంలోంచి చెప్పిద్ది. గుర్తులేని కాడ కల్పించిద్ది. 2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన, లోకంలో లేని తీర్పుల్ని కోర్టులో దాఖలు చేశారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే ఒక కింది కోర్టు ఉత్తర్వులో ఇట్టాంటి లేని తీర్పులు దొర్లి, సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది.

మరి పనిముట్టు ఇస్తే సరిపోద్దా? సరిపోదు. దానికో వివరణ పత్రం రాయాలి. మామూలు సాఫ్ట్‌వేర్ పత్రం మనిషి చదవటానికి. దీన్ని ఏజెంటే చదివిద్ది. ఎప్పుడు వాడాలి, ఏ మాటతో వెతకాలి అన్నది ఆ నాలుగు ముక్కలు చూసే తేల్చుకుంటది. ప్లీడరు కొత్త గుమాస్తాని రికార్డు రూముకి పంపేటప్పుడు రాసిచ్చే చీటీ లాంటిది అది. చీటీలో "ఆ భూమి కాగితం తే" అని రాస్తే వాడేం తెస్తాడు?

మన ప్రాంతం సంగతే తీసుకోండి. పల్నాడు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు కాగితాలన్నిట్లో గుంటూరు జిల్లా అనే ఉంటది. 1985కి ముందు దస్తావేజుల్లో మండలం అన్న మాటే ఉండదు, తాలూకా ఉంటది. ఈ సంగతి పత్రంలో రాయకపోతే ఏజెంటు "పల్నాడు జిల్లా" అని వెతికి, ఏమీ లేవని చేతులు దులుపుకుంటది. మన తాతల తరం మొత్తం మాయమైనట్టే.

చచ్చిన చట్టాల గొడవ ఇంకోటి. ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకొచ్చింది, 2024లో రద్దయింది. కాగితం మాత్రం ఇంటర్నెట్లో చక్కగా బతికే ఉంది. ప్రతి చట్టానికీ ఎప్పటినుంచి ఎప్పటిదాకా అమల్లో ఉందో పక్కన తేదీ ఉండాలి.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది, ఏం లేదో రాయటం. 2021 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం జీవోల్ని వెబ్‌సైటులో అందరికీ కనపడేట్టు పెట్టటం ఆపేసింది. 2024లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మధ్య కాలం జీవో దొరకలేదంటే అసలు జీవోనే లేదని కాదు గదా. "నా కాడ లేదు" వేరు, "చట్టంలో లేదు" వేరు. ఈ తేడా పత్రంలో కచ్చితంగా రాయకపోతే ఏజెంటు రెండోదే చెప్పేసిద్ది, పైగా మంచి భాషలో.

భాష అంటే గుర్తొచ్చింది. 2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. ఇంగ్లీషులో దాని పేరు డాటెడ్ ల్యాండ్స్. మనోళ్ళు అట్టా అడుగుతారా ఎక్కడన్నా? చుక్కల భూమి, డి-ఫారం, 22-ఏ అంటారు. ఈ మాటలు ఏ చట్టం కిందికొస్తాయో పట్టీ ఒకటి కావాలి.

అది బెంగళూరులో కూర్చున్నోళ్ళకి తట్టదు. నరసరావుపేట కాలేజీల్లో కోడింగు నేర్చుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ పని మీదే. సుప్రీంకోర్టు తీర్పులు 2023 జనవరి నుంచి ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. ముందు మీ ఊరి వీఆర్వోని, దస్తావేజు లేఖరిని కూర్చోబెట్టుకుని మాటలు రాసుకోండి. మొదటి లైను నేను చెప్తా: 2022 ఏప్రిల్ 4కి ముందు కాగితమైతే గుంటూరు అని వెతుకు.