డీవీడీ రాసేముందే తేల్చుకోవాల్సినవి

యాగంటిలో పాత కంప్యూటర్‌కు లినక్స్ ఎక్కించాలంటే ఐఎస్‌ఓ ఫైలును (డిస్క్ మొత్తానికి నకలును) బనగానపల్లెలోనో నంద్యాలలోనో దించుకుని వచ్చి, ఇంట్లో డీవీడీ రాసుకోవాల్సి రావచ్చు. డిస్క్ పాడైతే ఇంకొకదాని కోసం మళ్ళీ బస్సెక్కాలి. ఈ పాట్లు చాలావరకు రాయకముందే తప్పించుకోవచ్చు.

మొదటిది సైజు. డీవీడీ మీద 4.7 జీబీ అని ఉంటుంది. తయారీదారుల లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో సుమారు 107 కోట్లు. అందుకే అదే డిస్క్‌ను విండోస్ 4.38 జీబీ అని చూపిస్తుంది. విండోస్‌లో 4.5 జీబీ అని కనిపించే ఫైలు ఇందులో పట్టదు. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్, విండోస్ 11 ఐఎస్‌ఓలు 5 జీబీ దాటాయి. వాటికి 8.5 జీబీ డ్యూయల్ లేయర్ డిస్క్ గానీ పెన్‌డ్రైవ్ గానీ కావాలి. డెబియన్ నెట్‌ఇన్‌స్ట్ ఒక జీబీలోపే ఉంటుంది, మిగతాది నెట్ నుంచి తెచ్చుకుంటుంది. దాని గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు కూడా ఉంది. యంత్రం 32 బిట్లదైతే డెబియన్ 12 తీసుకోండి. 13 నుంచి దానికి ఇన్‌స్టాలర్ లేదు.

రెండోది ఫైలు సరిగ్గా దిగిందో లేదో చూడటం. విత్తేముందు విత్తనం పరీక్షించుకున్నట్టే ఇదీ. డౌన్‌లోడ్ పేజీలో ఎస్‌హెచ్‌ఏ-256 పేరుతో 64 అక్షరాలు, అంకెల వరుస ఇస్తారు. మీ ఫైలుకు ఆ లెక్క కట్టే సాధనం విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఉంది. ఫైలులో ఒక్క బైటు మారినా వరుస మొత్తం మారిపోతుంది. రెండూ కలవకపోతే డిస్క్ జోలికి పోకుండా మళ్ళీ దించుకోండి.

మూడోది రాసే పద్ధతి. ఫైలును లాగి డిస్క్‌లో పడేస్తే కంప్యూటర్ దాంతో బూట్ కాదు. విండోస్‌లో ఐఎస్‌ఓ మీద రైట్ క్లిక్ చేసి ‘బర్న్ డిస్క్ ఇమేజ్’ ఎంచుకోవాలి. రాశాక డిస్క్ తెరిచి చూడండి. లోపల ఫోల్డర్లు కనిపిస్తే సరిగ్గా రాసినట్టు. ఒక్క ఐఎస్‌ఓ ఫైలే ఉంటే పద్ధతి తప్పినట్టు.

రాసే సాధనంలో వేగం ఎంచుకునే వీలుంటే తక్కువ పెట్టండి, ‘వెరిఫై’ దగ్గర టిక్ చేయండి. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాళ్ళ పాలిష్ దుమ్ము ఎక్కువ. డిస్క్‌ను అంచులు పట్టుకుని, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి. యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మధ్యలో ఆగిపోతే ఒకేసారి రాయగల డిస్క్ ఇక పనికిరాదు.

వెరిఫై నెగ్గినా బూట్ కాలేదంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు. బయోస్‌లో బూట్ వరుసలో డీవీడీ డ్రైవ్‌ను ముందు పెట్టండి. అదే డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడ పనిచేస్తే మొదటి యంత్రం డ్రైవ్ అరిగిపోయి ఉండవచ్చు. అది సీడీ మాత్రమే చదివే డ్రైవ్ కూడా కావచ్చు.

సరిగ్గా కుదిరిన డిస్క్ మీద వెర్షన్, తేదీ మార్కర్‌తో రాసి, ఎండ తగలనిచోట దాచండి. డెబియన్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను కాపీ తీసి ఇతరులకు ఇవ్వడానికి లైసెన్సే అనుమతిస్తుంది. ఊళ్ళో ఇంకెవరికైనా అవసరమైతే ధైర్యంగా ఇవ్వండి.