చేపల తొట్టి నేర్పే కెమిస్ట్రీ

కాలేజీ ల్యాబులో చేపల తొట్టి పెట్టి కెమిస్ట్రీ నేర్పిస్తారంటే మనోళ్లు కొందరు నవ్వుతారు. అమెరికాలో కొన్ని కాలేజీల్లో ఇట్లా నేర్పిస్తున్నారు. ఇది ఆట కాదు.

తొట్టిలో నీళ్లు తేటగానే ఉంటాయి, అయినా చేపలు చచ్చిపోతాయి. ఎందుకంటే చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. కంటికి కనపడని బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది అంత కీడు చెయ్యదు. కొత్త తొట్టిలో ఆ బ్యాక్టీరియా సరిపడా పెరగాలంటే నెల, నెలన్నర పడుతుంది. పిల్లలు వారం వారం పరీక్ష చేసి రాసుకుంటే ఒకటి తగ్గి ఇంకోటి పెరిగేది అంకెల్లో తెలుస్తుంది.

పరీక్ష చేసే పద్ధతి మనకు కొత్తేం కాదు. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలేస్తే రంగొస్తుంది. దాన్ని కార్డు మీది రంగుతో సరిచూస్తారు. డైయింగులో షేడు కార్డు పక్కన గుడ్డ పెట్టి చూసినట్టే. నీళ్ల గట్టితనం చూసేది ఇంకో తీరు. మందు కలిపిన నీళ్లు ఎర్రగా ఉంటాయి. బ్యూరెట్టులోంచి ఈడీటీఏ చుక్క చుక్కగా వదిలితే ఒక చుక్క దగ్గర నీలం తిరుగుతాయి. ఎంత పట్టిందో దాన్నిబట్టి సున్నం లెక్క వస్తుంది. గట్టి నీళ్లకు సబ్బు నురగ రాదు, రంగు సమంగా పట్టదు, బాయిలర్లో పెచ్చు కడుతుంది. ఇవన్నీ మిల్లులో పని చేసినోళ్లకు తెలిసినవే.

ఒకసారి చూసి నమ్మకూడదు. మూడుసార్లు చెయ్యాల, మూడూ దగ్గర దగ్గరగా రావాల. పిల్లోళ్లకు అబ్బాల్సిన విద్య ఇదే.

ఈ విద్య తొట్టి దగ్గరే ఆగిపోదు. మన బళ్లారి జిల్లాలో చాలా ఊర్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు. పండ్ల మీద మచ్చలు, ఏండ్లు గడిస్తే ఎముకల నొప్పులు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలని మన దేశపు తాగునీటి ప్రమాణం. వేరే నీళ్లు దొరక్కపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటారు.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడోళ్లకు కిట్టుతో నీళ్లు పరీక్షించేది నేర్పించాలని చెప్పినారు. మీ ఊర్లో ఎవరికి నేర్పినారో పంచాయితీలో అడగండి. సీసాను అదే బోరు నీళ్లతో మూడుసార్లు కడిగి, నింపి, బోరు పేరు, తేదీ రాసి ఇవ్వండి. కాలేజీకి పోయే పిల్లలుంటే వాళ్లనూ తోడు తీసుకుపోండి. నీళ్లు తేటగా ఉన్నాయని కాదు, అంకె ఎంతో చూసి తాగుదాం.