మూడవ సంవత్సరపు పాఠ్యభారం – ఉన్నత విద్యకు లక్ష్య సంస్థల ఎంపిక

అయిదవ సెమిస్టరు నమోదు రోజున వ్యవసాయ కళాశాల విద్యార్థి నమోదు పత్రం పట్టుకొని సలహాదారు గది ముందు నిలబడతాడు. తప్పనిసరి కోర్సులు అందులో ముందే నిండి ఉంటాయి. ఖాళీగా ఉండేది ఐచ్ఛిక కోర్సు గడి ఒక్కటే. స్నేహితులు తీసుకొన్నదో, మార్కులు సులువుగా వస్తాయని సీనియర్లు చెప్పినదో అందులో చేరుతుంది. సలహాదారు సంతకం చేస్తాడు. రెండు నిమిషాలలో పని ముగుస్తుంది.

అటువంటి సంతకాలు నేనూ ఎన్నో చేశాను. వాటిలో ఒకటి ఇప్పటికీ బాధిస్తుంది. సస్యరోగ శాస్త్రంపై మక్కువ గల ఒక విద్యార్థిని నాలుగవ సంవత్సరం చివర పి.జి. ప్రవేశ పరీక్ష దరఖాస్తుతో వచ్చి, "సార్, ఏ గ్రూపు పెట్టమంటారు?" అని అడిగింది. ఆ ప్రశ్న రెండేళ్ళ ముందు నేను ఆమెను అడగవలసినది. ఆ గ్రూపులో సస్యరోగ శాస్త్రంతో పాటు ప్రజననశాస్త్రం, విత్తనశాస్త్రం కూడా ఉంటాయి. వాటికి సిద్ధం కావడానికి ఆమెకు మిగిలినది కొద్ది వారాలే. వచ్చిన ర్యాంకుకు కోరుకొన్న శాస్త్రంలో సీటు దక్కలేదు. దక్కిన శాస్త్రంలో చేరి శ్రద్ధగానే చదివింది. కాని అది ఆమె ఎంచుకొన్న దారి కాదు.

మూడవ సంవత్సరమే ఎందుకు కీలకం?

భారత వ్యవసాయ పరిశోధన మండలి అయిదవ డీన్ల కమిటీ రూపొందించిన పాఠ్యప్రణాళికలో ఏడవ సెమిస్టరు గ్రామీణ వ్యవసాయ కార్యానుభవానికి, ఎనిమిదవ సెమిస్టరు అనుభవపూర్వక శిక్షణకు కేటాయించబడ్డాయి. ఏడవ సెమిస్టరులో విద్యార్థి రైతుల మధ్య గడుపుతాడు. ఎనిమిదవ సెమిస్టరులో ఉత్పత్తి యూనిట్లలో ఉదయం నుండి సాయంత్రం వరకు పని ఉంటుంది. తరగతి గదిలో కూర్చొని శాస్త్ర విషయాలను క్రమపద్ధతిలో చదివే చివరి అవకాశం అయిదు, ఆరు సెమిస్టర్లే. నేల సారం–ఎరువుల యాజమాన్యం, పంటల తెగుళ్ళు, కీటకాల యాజమాన్యం, ఖరీఫ్–రబీ పంటల అభివృద్ధి, వర్షాధార వ్యవసాయం, క్షేత్ర యాజమాన్య ఆర్థికశాస్త్రం వంటి కోర్సులన్నీ ఈ ఏడాదిలోనే వస్తాయి. ప్రవేశ పరీక్షలో అడిగే విషయాలలో పెద్ద భాగం వీటిలోనే ఉంటుంది. ఆరవ కమిటీ సిఫారసులతో కోర్సుల వివరాలు మారుతున్నాయి.

భారాన్ని గంటలలో కొలవాలి

విద్యార్థులు పాఠ్యభారాన్ని కోర్సుల సంఖ్యతో లెక్కిస్తారు. అది సరైన కొలత కాదు. 24 క్రెడిట్ల సెమిస్టరులో 14 సిద్ధాంత క్రెడిట్లు, 10 ప్రయోగ క్రెడిట్లు ఉన్నాయనుకొందాం. సిద్ధాంత క్రెడిట్‌కు వారానికి 1 గంట, ప్రయోగ క్రెడిట్‌కు 2 గంటల చొప్పున తరగతులు, ప్రయోగాలు కలిపి 34 గంటలు. ప్రతి సిద్ధాంత గంటకు మరొక గంట స్వయంపఠనానికి, ప్రతి ప్రయోగ క్రెడిట్‌కు అరగంట రికార్డు రాతకు చేర్చితే 53 గంటలు. ప్రవేశ పరీక్ష తయారీకి వారానికి 8 గంటలు కలిపితే 61. ఆరు రోజులకు పంచితే రోజుకు 10 గంటలకు కొంచెం ఎక్కువ. ఇది కష్టమైనదే గాని సాధ్యమైనది. దీనికి తోడు ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సుకు 5 గంటలు, వేరొక పోటీ పరీక్ష శిక్షణకు 6 గంటలు చేర్చినవాడు 72 గంటలకు చేరుతాడు. అప్పుడు మొదట కోతపడేది నిద్ర, తరువాత స్వయంపఠనం. చివరకు ఓ.జి.పి.ఎ. దెబ్బతింటుంది.

పొలంలో చేసే కోర్సులకు మరొక స్వభావం ఉంది. ఖరీఫ్ పంటల ఉత్పత్తి ఆచరణ కోర్సులో రెండు క్రెడిట్లూ ప్రయోగానికే. విత్తిన తొలి నెల, నెలన్నర రోజులలో కలుపు పోటీ తీవ్రంగా ఉంటుంది. ఆ దినాలు తరచు మధ్యంతర పరీక్షలతో కలిసివస్తాయి. పంట పరీక్షల కోసం ఆగదు. కనుక వారం వారీ ప్రణాళికను పంట క్యాలెండరుతో కలిపి వేసుకోవాలి. చదరపు మీటరుకు మొక్కల సంఖ్య పెంచినకొద్దీ దిగుబడి ఒక హద్దు వరకే పెరుగుతుందని తరగతిలో బోధించే మనమే, విద్యార్థి వారంలో ఎన్ని పనులు కుక్కినా ఫలితం పెరుగుతుందని భావించడం తగదు.

ఐచ్ఛిక కోర్సు: కష్టమైనది ఒకటి, అవసరమైనది

అయిదవ కమిటీ పాఠ్యప్రణాళిక ప్రకారం నాలుగు, అయిదు, ఆరు సెమిస్టర్లలో మూడు ఐచ్ఛిక కోర్సులు తీసుకోవచ్చు. కలుపు యాజమాన్యం, జీవ క్రిమిసంహారకాలు–జీవ ఎరువులు, వాణిజ్య ప్రజననం, సూక్ష్మ ప్రవర్ధనం, సిస్టమ్ సిమ్యులేషన్–వ్యవసాయ సలహాలు, అగ్రిబిజినెస్ నిర్వహణ, వ్యవసాయ జర్నలిజం వంటివి వీటిలో ఉన్నాయి. వీటిలో ఒక్కటైనా విద్యార్థి కోరుకొన్న శాస్త్రానికి నేరుగా తోడ్పడాలి, అది కష్టమైనదైనా సరే. సేద్యశాస్త్రంలోనో వాతావరణ శాస్త్రంలోనో పరిశోధన కోరుకొనే విద్యార్థి గణితానికి భయపడి సిమ్యులేషన్ కోర్సును వదులుకోకూడదు. అయితే ఆ సెమిస్టరులో అదనపు వ్యాపకాలు తగ్గించుకోవాలి. విస్తరణ విద్యలో చేరదలచినవారికి జర్నలిజం వృథా కాదు.

అందరి గమ్యం పి.జి. కాదు. వ్యవసాయాధికారి ఉద్యోగమో, బ్యాంకులలో వ్యవసాయ క్షేత్రాధికారి పదవో లక్ష్యమైతే ఒక్క శాస్త్రంలో లోతుకన్న అన్ని శాస్త్రాలలో సమాన పట్టు ముఖ్యం. అగ్రిబిజినెస్ నిర్వహణ చదవదలచినవారి క్యాలెండరు వేరు. క్యాట్ పరీక్ష సాధారణంగా నవంబరు చివర, అంటే గ్రామీణ కార్యానుభవ కాలంలోనే వస్తుంది. వారు ఆరవ సెమిస్టరులోనే సిద్ధం కావాలి.

లక్ష్య సంస్థల జాబితా

అఖిల భారత ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడే శాస్త్రాల గ్రూపును ఎంచుకోవాలి. సేద్యశాస్త్రం ఒక గ్రూపు, కీటకశాస్త్రం–నెమటాలజీ మరొకటి, సామాజిక శాస్త్రాలు ఇంకొకటి. గ్రూపు నిర్ణయించినప్పుడే తరువాతి డాక్టరేటు, పరిశోధన వృత్తి దిశ కూడా చాలా వరకు నిర్ణయమవుతుంది. అందువలన మొదట శాస్త్రం, తరువాత సంస్థ అన్న క్రమం పాటించాలి.

సంస్థల ఎంపికలో ర్యాంకింగు పట్టికకన్న అక్కడ ఏ పంటపై, ఏ పరిస్థితులలో పని జరుగుతున్నదన్నది ముఖ్యం. వర్షాధార సేద్యంలో ఆసక్తి గలవారికి అనంతపురం, బెంగళూరు కేంద్రాలలో దశాబ్దాల క్షేత్ర ప్రయోగాలు ఉన్నాయి. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ రంగంలో జాతీయ సమన్వయం నిర్వహిస్తున్నది. వరి–గోధుమ సరళిలో పరిరక్షణ సేద్యం చదవదలచినవారికి ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ, లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అనువైనవి. అదే సూత్రాన్ని వరి తరువాత దున్నకుండా వేసే మొక్కజొన్నలో పరిశీలించదలిస్తే గుంటూరు ప్రాంతమే ప్రయోగశాల.

జాబితాలో ఆరేడు సంస్థలు చాలు: అందుకోవడం కష్టమైనవి రెండు, స్థాయికి తగినవి మూడు, తప్పక దొరకగలవి ఒకటి రెండు. ప్రతి సంస్థకూ నాలుగు విషయాలు రాసుకోవాలి: ఆ శాస్త్రంలో సీట్లు, గత సంవత్సరాల చివరి ర్యాంకు, ఖర్చు–ఉపకారవేతనం, ఇటీవలి సిద్ధాంతవ్యాసాల అంశాలు. చివరిదానికి కృషికోశ్ భాండాగారం ఉచితంగా ఉపయోగపడుతుంది. ఒక శాఖ నుండి వెలువడిన అయిదారు సిద్ధాంతవ్యాసాల సారాంశాలు చదివితే ఆ శాఖ నిజంగా ఏమి చేస్తున్నదో తెలుస్తుంది.

సలహాదారులు, విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

సలహాదారు ప్రతి విద్యార్థికి అయిదవ సెమిస్టరు ఆరంభంలో అరగంట కేటాయించి మూడు ప్రశ్నలు అడగాలి: ఏ శాస్త్రం, ఎందుకు, వారానికి ఎన్ని గంటలు? జవాబులు కాగితంపై ఉండాలి. ఆరవ సెమిస్టరు నమోదునాడు అదే కాగితాన్ని మళ్ళీ చూడాలి. కృషి విజ్ఞాన కేంద్రాలలో, ఏరువాక కేంద్రాలలో పనిచేసే శాస్త్రవేత్తలు విద్యార్థులను సాధారణంగా ఏడవ సెమిస్టరులోనే కలుస్తారు. ఆరవ సెమిస్టరు సెలవులలో కొద్ది రోజులు వారి క్షేత్ర సందర్శనలలో పాల్గొనే వీలు కల్పిస్తే, ఏ సమస్యపై జీవితకాలం పనిచేయాలో విద్యార్థికి పొలంలోనే తోచవచ్చు.

ఆ విద్యార్థిని విషయంలో నేను చేయనిది ఈ అరగంట పనే. ఇప్పుడు నమోదు పత్రంపై సంతకానికి ముందు ఐచ్ఛిక కోర్సు గడి పక్కన కారణం ఒక్క వాక్యంలో రాయమంటున్నాను. రాయలేనివారిని మరునాడు రమ్మంటున్నాను.