గుండె మాత్రలు వాడేవారు అడగడానికి సిగ్గుపడే ప్రశ్న

పత్తికొండ చుట్టుపక్కల పల్లెల నుండి బి.పి., గుండె మాత్రల కోసం వచ్చే పెద్దాయనలు కొందరు చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్లి ఆగుతారు. భార్య బయటికి నడిచాక, "ఇంగొకటి అడగాల సార్" అంటారు. అది అంగస్తంభన లోపం గురించేనని మాకు తెలుసు. వయసు మళ్లినవారిలో, ముఖ్యంగా షుగరు, బి.పి., గుండె జబ్బు ఉన్నవారిలో ఇది సాధారణమే. సిగ్గుపడనక్కరలేదు.

గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్నట్టే అంగానికి వెళ్లే నాళాల్లోనూ పేరుకుంటుంది. ఇవి ఇంకా సన్నవి కనుక ముందే ఇబ్బంది పెడతాయి. అందుకే కొందరిలో ఛాతీనొప్పికి రెండు మూడేళ్ల ముందే ఈ లోపం కనబడుతుంది. గుండె బాగుందనుకునేవారు కూడా దీన్ని హెచ్చరికగా తీసుకుని పరీక్ష చేయించుకోవాలి. బీడీ మానాలి. కొన్ని బి.పి. మాత్రల వల్లా ఇలా జరుగుతుంది గాని, మీ అంతట మీరు ఆపకండి, మార్చి ఇస్తాము.

సిల్డెనాఫిల్ మందును ఫైజర్ కంపెనీ మొదట పరీక్షించింది గుండెనొప్పికే! దానికి అంతగా పనిచేయలేదు గాని ఈ గుణం బయటపడింది. 1998లో వయాగ్రా పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు అదుపులో ఉండి, రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగినవారికి సాధారణంగా ఇవ్వవచ్చు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు ముందు గుండె సంగతి చూసుకోవాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గాని, రోజూ మింగే నైట్రేట్ మాత్రలు గాని వాడేవారు దీన్ని ముట్టకూడదు. రెండూ రక్తనాళాలను వదులు చేసేవే. కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల వరకు, టడలాఫిల్ అయితే 48 గంటల వరకు సార్బిట్రేట్ పెట్టకూడదు. ఆ సమయంలో ఛాతీనొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, పక్కన కొడుకున్నా, అల్లుడున్నా సరే, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకు చెప్పండి. ఇంట్లోవాళ్లకు తెలియక జేబులోని సార్బిట్రేట్ పెట్టేస్తారేమోనని మా భయం. అందుకే అమ్మలకు కూడా ముందే చెప్పి ఉంచమంటాము.

బస్టాండులో అమ్మే "మూలికల" పొడులనూ నమ్మకండి. అలాంటివాటిలో ఇదే మందు కలిపినట్టు చాలా దేశాల పరీక్షల్లో తేలింది. నైట్రేట్ వాడేవారికి వాక్యూమ్ పంపు వంటి వేరే మార్గాలున్నాయి. వచ్చేటప్పుడు ప్రోస్టేటు మాత్రలతో సహా మీరు వాడే మందులన్నీ సంచిలో వేసుకుని రండి.