దెయ్యం ఎప్పుడూ ఆడదేనా? పల్నాటి నాగమ్మ నుంచి ‘విరూపాక్ష’ దాకా.. భయం కథల్లో ఆడవాళ్లకి ఇచ్చిన వేషాలివే

తెల్లచీర, విరబోసిన జుట్టు, కాలి గజ్జెల చప్పుడు. ఈ మూడూ చెప్తే చాలు, చిన్నపిల్లాడైనా ‘దెయ్యం’ అనేస్తాడు. అదే ‘మగ దెయ్యం ఎలా ఉంటుంది?’ అని అడిగితే పెద్దవాళ్లు కూడా కాసేపు తడుముకోవాల్సిందే. తెలుగు హారర్, థ్రిల్లర్ కథల్లో భయానికి ఆడ రూపం ఎందుకొచ్చింది? దాంతో నిజ జీవితంలో ఎవరికి నష్టం? ఓసారి చూద్దాం.

(గమనిక: ఇందులో కొన్ని సినిమాల క్లైమాక్స్ విషయాలున్నాయి.)

ఆ తెల్లచీర ఎవరిది?

దెయ్యం వేషాన్ని కాస్త విడదీసి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. ఒకప్పుడు మన ఊళ్లలో తెల్లచీర భర్త పోయినవాళ్లు కట్టుకునేది. జుట్టు విరబోసుకుని దీపాలు పెట్టేవేళ గుమ్మంలో నిలబడితే ఇంట్లో పెద్దవాళ్లు కేకలేసేవారు. చీకటి పడ్డాక ఒంటరిగా బయట తిరగడమంటే అసలు ఒప్పుకునేవారు కాదు. అంటే మన దెయ్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంటి కట్టుబాటులో లేని ఆడమనిషి ఎలా ఉంటుందని ఊరు అనుకుందో, అచ్చం అలాగే ఉంది.

‘ఓ స్త్రీ రేపు రా’ సంగతీ అంతే. ఒకప్పుడు తెలుగు ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద బొగ్గుతో, సుద్దతో ఈ మాట రాసుకునేవారు. పక్కనున్న కర్ణాటకలో ‘నాళె బా’ అని రాసేవారు. రాత్రిపూట తలుపు కొట్టేది ఆడదే అని అందరూ ముందే తేల్చేసుకున్నారన్నమాట.

ఇది మన దగ్గర మాత్రమే కాదు. 1998లో వచ్చిన జపాన్ సినిమా ‘రింగు’లో దెయ్యానికీ తెల్లబట్టలే, ముఖం మీద పడే జుట్టే.

పల్నాడులో దెయ్యం కాదు.. మంత్రి

భయపెట్టే ఆడమనిషి మూస సినిమాల కంటే చాలా పాతది. దానికి పల్నాడులోనే పెద్ద ఉదాహరణ ఉంది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం కథలో గురజాలను ఏలిన నలగామరాజుకి మంత్రి నాయకురాలు నాగమ్మ. మాచర్ల వైపు బ్రహ్మనాయుడు. మధ్యలో కోడిపందెం, ఓడినవాళ్లకి ఏడేళ్ల వలస, చివరికి కారంపూడి రణరంగం. ఈ కథ తెలియని పల్నాటి ఇల్లు ఉండదు.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. పందెం ఒప్పుకున్నది రెండు పక్షాలూ. కత్తులు దూసిందీ రెండు పక్షాలే. ఎత్తుకి పై ఎత్తు వేసింది ఇద్దరు మంత్రులూ. కానీ కథ చెప్పేటప్పుడు బ్రహ్మనాయుడిది రాజనీతి అయింది, నాగమ్మది కుట్ర అయింది. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక్కచోట కూర్చోబెట్టినందుకు బ్రహ్మనాయుడికి దక్కిన గౌరవంలో తప్పేమీ లేదు. కానీ మగవాళ్ల సభలో కూర్చుని రాజ్యం నడిపిన ఆడమనిషిగా నాగమ్మకి దక్కాల్సింది మాత్రం చాలా ఆలస్యంగా దక్కింది. ఆమెను తొలినాటి మహిళా మంత్రిగా చెప్పుకోవడం ఈమధ్య పెరిగింది. అయినా గట్టిగా మాట్లాడే ఆడవాళ్లని ‘నాయకురాలు నాగమ్మలా తయారైంది’ అని ఎత్తిపొడవడం ఇంకా పోలేదు.

ఈ కథ ‘పల్నాటి యుద్ధం’ పేరుతోనే రెండుసార్లు సినిమాగా వచ్చింది. నాగమ్మగా 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నటించారు. అంత పెద్ద నటీమణులు కావాల్సి వచ్చిందంటేనే ఆ పాత్ర బలమేంటో అర్థమవుతుంది.

కథ ప్రకారం నాగమ్మ భర్త పోయిన మనిషి. చదువుంది, తెలివుంది, చేతిలో అధికారం ఉంది. ఇంట్లో అదుపు చేసే మగవాడు లేడు. తర్వాతి కాలపు కథల్లో ‘మంత్రగత్తె’ అని వేలు చూపించిన ఆడవాళ్లని గమనించండి. దాదాపు ఇవే లక్షణాలు.

మళ్లీ మళ్లీ కనిపించే 4 మూసలు

1. చచ్చాకే బలం: బతికున్నంతకాలం అన్యాయం భరిస్తుంది. చనిపోయాక పగ తీర్చుకుంటుంది. ‘చంద్రముఖి’ (2005)లో నర్తకి కథ ఇదే. పోలీసు, కోర్టు, ఊరు.. ఎవరూ న్యాయం చేయని చోట దెయ్యమే దిక్కవుతుంది. చూడ్డానికి ఇది ఆడవాళ్ల బలంలా అనిపిస్తుంది. కానీ న్యాయం కావాలంటే ముందు చావాలి!

2. పట్టుకునేది అమ్మాయినే: రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో రేవతికి, ‘ప్రేమకథా చిత్రమ్’ (2013)లో నందితకి దెయ్యం పడుతుంది. యండమూరి ‘తులసిదళం’ నవలలో చేతబడికి గురయ్యేది ఓ చిన్నపాప. హాలీవుడ్ ‘ఎక్సార్సిస్ట్’ (1973)లోనూ చిన్నపిల్లే. అమ్మాయి గట్టిగా అరిచినా, బూతు మాట్లాడినా, ఎదురు తిరిగినా ‘ఇది మా అమ్మాయి కాదు, ఒంట్లో ఇంకెవరో ఉన్నారు’ అనే వివరణ రెడీగా ఉంటుంది.

3. శవంగా మొదలు: థ్రిల్లర్లలో చాలాసార్లు అమ్మాయి పాత్ర శవంగానే ఎంట్రీ ఇస్తుంది. ‘రాక్షసుడు’ (2019)లో స్కూలు అమ్మాయిలు, ‘హిట్ 2’ (2022)లో వేర్వేరు మహిళల శరీర భాగాలు. హంతకుడి బుర్రలో ఏముందో, పోలీసు హీరో గతం ఏంటో పూసగుచ్చినట్టు తెలుస్తుంది. చనిపోయిన అమ్మాయికి ఏం ఇష్టమో, ఏం అవ్వాలనుకుందో మాత్రం చెప్పేవాళ్లు తక్కువ.

4. చెప్తే ఎవరూ నమ్మరు: ‘క్షణం’ (2016)లో బిడ్డ కనిపించట్లేదని తల్లి మొత్తుకుంటుంది. అసలు నీకు బిడ్డే లేదంటారు అందరూ. ఇది భయం పుట్టించే కథే, కానీ ఇందులో భయం దెయ్యం వల్ల కాదు. ఆడమనిషి మాటకి విలువ లేకపోవడం వల్ల.

మగవాళ్లకీ ఓ మూస ఉంది

ఈ కథల్లో మగవాడు భయపడకూడదు. భయపడ్డాడంటే అది కామెడీ సీన్ అయిపోతుంది. తెలుగు హారర్ కామెడీల్లో సగం నవ్వులు వణికిపోయే మగవాళ్ల మీదే. దెయ్యాన్ని వదిలించే స్వామీజీ, వైద్యం చేసే డాక్టర్, కాపాడే హీరో.. అందరూ మగవాళ్లే. ‘చంద్రముఖి’లో గంగకి ఎలా నయం చేయాలో గంగ తప్ప మిగతావాళ్లు కూర్చుని తేలుస్తారు.

మూస మార్చిన సినిమాలు లేవా?

ఉన్నాయి. పైగా జనం వాటిని బాగానే చూశారు.

కోడి రామకృష్ణ ‘అరుంధతి’ (2009)లో దెయ్యం పశుపతి మగవాడు, ఎదురు నిలిచేది జేజమ్మ. అయితే అక్కడా ఓ మెలిక ఉంది. పశుపతిని అంతం చేసే ఆయుధం కోసం జేజమ్మ ముందు తన ప్రాణమే ఇవ్వాల్సి వస్తుంది. ‘మసూద’ (2022)లో దెయ్యం ఆడదే అయినా, కూతురి కోసం పోరాడేది ఒంటరి తల్లి. పక్కింటి కుర్రాడు భయపడుతూనే సాయం చేస్తాడు, ఆ భయాన్ని సినిమా ఎగతాళి చేయదు. ‘మా ఊరి పొలిమేర’ (2021)లో చేతబడి చేసేది మగవాడు. ‘శుభం’ (2025) అయితే దెయ్యం పట్టిన భార్యలను చూపిస్తూనే, మగవాళ్ల ‘ఆల్ఫా మేల్’ పెత్తనం మీద నవ్వించింది.

సినిమానే కదా.. అంత సీన్ ఎందుకు?

ఇదే అసలు ప్రశ్న. సినిమా చూసి ఎవరూ నేరుగా వెళ్లి చేతబడి చేయరు. కానీ ఇంట్లో ఏదైనా తేడా జరిగినప్పుడు మొదట ఏ అనుమానం రావాలో కథలే నేర్పుతాయి.

చేతబడి చేస్తున్నారనే అనుమానంతో దాడులు, హత్యలు తెలుగు రాష్ట్రాల్లో వార్తలుగా వస్తూనే ఉన్నాయి. మగవాళ్లూ బలవుతున్నారు. అయితే ఒంటరి ఆడవాళ్లు, వయసు మీదపడ్డవాళ్లు సులువుగా దొరికిపోతారు. ‘విరూపాక్ష’ (2023)లో పగకి మొదలు కూడా ఊరే. చేతబడి చేస్తున్నారని దంపతులను ఊరంతా కలిసి తగలబెడుతుంది. కానీ క్లైమాక్స్‌కి వచ్చేసరికి ప్రేక్షకుడి భయం మొత్తం నందిని మీదకి మళ్లుతుంది, తగలబెట్టిన చేతులు వెనక్కి పోతాయి.

రెండో నష్టం ఇంకా మామూలుగా కనిపిస్తుంది. మూర్ఛ, డిప్రెషన్, కాన్పు తర్వాత వచ్చే మానసిక సమస్యలు.. వీటన్నిటికీ వైద్యం ఉంది. కానీ ‘గాలి సోకింది’ అనుకుంటే కొత్త కోడలిని ఆసుపత్రికి కాకుండా భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ పోయేది డబ్బులొక్కటే కాదు, చికిత్స అందాల్సిన సమయం కూడా.

మూఢనమ్మకాల పేరుతో జరిగే దురాచారాలపై మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు చేశాయి. ఇంట్లో ఎవరి ప్రవర్తనైనా ఉన్నట్టుండి మారితే కేంద్రం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. దాడి జరుగుతుందన్న భయం ఉంటే 112, మహిళల సాయం కోసం 181 ఉన్నాయి.

ఈసారి హారర్ చూసేటప్పుడు..

హారర్ సినిమాలు మానేయక్కర్లేదు. అమెరికన్ కార్టూనిస్టు అలిసన్ బెక్డెల్ 1985లో తన కార్టూన్‌లో ఓ చిన్న పరీక్ష చెప్పారు: సినిమాలో ఇద్దరు ఆడవాళ్లున్నారా, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా, అదీ మగవాడి గురించి కాకుండా? మన హారర్‌కి ఇంకో మూడు కలుపుకోవచ్చు.

• ఆమెకి బలం బతికుండగా వచ్చిందా, చచ్చాక వచ్చిందా?
• ‘నాకేదో అవుతోంది’ అని ఆమె చెప్పినప్పుడు ఎవరైనా నమ్మారా?
• ఆమెను ఆ స్థితికి తెచ్చినవాళ్లకి సినిమాలో ఏమైంది?

ఓటీటీలో నెక్స్ట్ సినిమా పెట్టినప్పుడు పక్కన కూర్చున్నవాళ్లతో కలిసి వీటికి సమాధానాలు వెతకండి. ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే రెండో ప్రశ్న తప్పకుండా అడగండి. రేపు వాళ్లలో ఎవరైనా వచ్చి ‘నాకేదో అవుతోంది’ అంటే, ముందు నమ్మాల్సింది మీరే.