తొక్కితేనే వేడెక్కే ఇంజన్: హెడ్ గాస్కెట్ పోయిందని ఎలా తేల్చాలి?

ప్రశ్న: నా సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ ట్రాఫిక్‌లో అరగంట ఆగినా వేడెక్కదు. హైవే ఎక్కి నాలుగుసార్లు గట్టిగా తొక్కితే మాత్రం టెంపరేచర్ పెరిగిపోతోంది. ఆయిల్ శుభ్రంగానే ఉంది. అయినా హెడ్ గాస్కెట్ అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: అనుమానించాల్సిందే. ఫ్యాన్ లోపమైతే ట్రాఫిక్‌లోనే వేడెక్కాలి. తొక్కినప్పుడే వేడెక్కుతోందంటే కారణం సిలిండర్‌లో ఉండొచ్చు.

ఎందుకు?

రేడియేటర్ మూత సుమారు 1 బార్ ఒత్తిడిని ఆపుతుంది. టర్బో నిండుగా పనిచేసేటప్పుడు సిలిండర్‌లో మంట ఒత్తిడి దానికి పదుల రెట్లు. ఆ క్షణంలో గాస్కెట్ అంచు దగ్గర సందు దొరికితే మండిన గ్యాస్ నీటి దారిలోకి దూరుతుంది. గ్యాస్ ఉన్నచోట నీరుండదు, నీరు లేనిచోట వేడి తగ్గదు. తోసుకొచ్చిన నీరు రిజర్వు ట్యాంకులోకి పోతుంది. అందుకే ట్యాంకు నిండుగా, రేడియేటర్ వెలితిగా కనిపిస్తాయి. కాలు తీయగానే ఒత్తిడి పడిపోతుంది, సందు మూసుకుంటుంది. నీరు ఆయిల్ దారి తొక్కలేదు కాబట్టి ఆయిల్ పాలలా మారదు. ఆయిల్ శుభ్రంగా ఉందని గాస్కెట్‌కు క్లీన్‌చిట్ ఇవ్వకూడదు.

ఎలా తేల్చాలి?

ముందుగా చవకైన కారణాలు తీసేయండి. మూత బలహీనమైనా నీరు ట్యాంకులోకి పోతుంది. కూలెంట్ మార్చాక గాలి మిగిలినా బుడగలు వస్తాయి, కానీ ఆ గాలి అయిపోగానే ఆగుతాయి. గ్యాస్ బుడగలు ఆగవు.

తర్వాత బ్లాక్ టెస్ట్. ఇంజన్ చల్లారాకే మూత తీసి, నీలి ద్రవం ఉన్న గొట్టాన్ని అక్కడ అమర్చి, ఇంజన్ స్టార్ట్ చేసి, పైకొచ్చే ఆవిరిని దాని గుండా పీల్చాలి. అందులో మండిన గ్యాస్ ఉంటే నీలం పసుపుకు తిరుగుతుంది. బండి నడపకుండా ఐడిల్‌లోనే చేస్తే రంగు మారకపోవచ్చు. బండిని గట్టిగా నడిపి, మూత తీయగలిగేంత చల్లారగానే చేయండి. కూలెంట్ ఆ గొట్టంలోకి ఎక్కితే పరీక్ష పాడైనట్టే.

చివరి సాక్ష్యం లీక్‌డౌన్ టెస్ట్. పిస్టన్‌ను పైకి తెచ్చి ప్లగ్ రంధ్రంలోంచి గాలి పట్టించి చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో సుయ్‌మంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్. ఈ ఇంజన్లో 1, 3 సిలిండర్లు ఒకవైపు, 2, 4 ఇంకోవైపు. పక్కపక్కనున్న రెండూ కలిసి బలహీనంగా ఉంటే వాటి మధ్య గోడ దగ్గరే తేడా. 99.5 మి.మీ. బోర్ గల ఈ 2.5 లీటర్ల ఇంజన్లో ఆ గోడ మీద గాస్కెట్‌కు దొరికే చోటు తక్కువ.

ఇంత ఓపిక ఎందుకు?

ఇది బాక్సర్ ఇంజన్, హెడ్లు రెండు పక్కలా ఉంటాయి. గాస్కెట్ మార్చాలంటే సాధారణంగా ఇంజన్ దించాల్సిందే. దించాక హెడ్ వంపును స్కేలు, ఫీలర్ గేజ్‌లతో కొలిపించండి, వెంట్రుక మందంలో సగం వంకర కూడా ఎక్కువే. ట్యూనింగ్ వల్ల నాకింగ్ వచ్చిందేమో కూడా చూడండి. అది సరిచేయకుండా కొత్త గాస్కెట్ వేస్తే అదే ప్రశ్నతో మళ్లీ రాయాల్సి వస్తుంది.